ఆమదాలవలస నుంచి మొదలుపెట్టండి

శ్రీకాకుళంలోని కథల గ్రంథాలయం కథానిలయంలో పాత వారపత్రికల సీరియళ్లు తిరగేస్తుండగా ఒక డిగ్రీ కుర్రాడు పక్కన వచ్చి కూర్చున్నాడు. "మాస్టారూ, మీరు విదేశాల్లో విలేకరిగా పనిచేశారట. డిటెక్టివ్ నవలలు కూడా రాస్తారట. ఆ రెండూ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగాడు. ఎలా వచ్చావని అడిగితే రైల్లో అన్నాడు. ఎక్కడ దిగావంటే "ఆమదాలవలసలో" అన్నాడు.

"అయితే మొదలుపెట్టేశావు" అన్నాను. కుర్రాడు తెల్లముఖం వేశాడు.

టికెట్టు మీద ఆ స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. ప్లాట్‌ఫారం బోర్డు మీదా అదే. స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. శ్రీకాకుళం ఊరేమో అక్కడికి సుమారు 13 కిలోమీటర్లు. ఈ జిల్లాలో పెరిగినవాడెవడూ "శ్రీకాకుళం రోడ్‌లో దిగాను" అనడు. నా రెండో నవలలో పలాస జీడిపప్పు వ్యాపారినని చెప్పుకు తిరిగే వేషగాడు దొరికిపోయింది ఆ మాట దగ్గరే. కాల్పులు లేవు, కార్లలో వెంటపడటం లేదు. టీకొట్టు బల్ల మీద నోరు జారాడు, గ్లాసులు కడుగుతున్న మనిషి తలెత్తి చూశాడు. కాగితం మీద ఉన్నదానికీ జనం నోట ఉన్నదానికీ మధ్య ఇలాంటి సందులు కనిపెట్టడమే విలేకరి పని. ఆ సందులో ఒక మనిషిని నిలబెట్టడం థ్రిల్లర్ రాసేవాడి పని. కుర్రాడికి ఆ రోజు చెప్పినవీ, చెప్పడం మరచినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా సంగతి క్లుప్తంగా. 1984లో, మండలాలు ఇంకా ఏర్పడకముందు, టెక్కలి వైపు తాలూకా కంట్రిబ్యూటర్‌గా చేరాను. జీతం లేదు, లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లు స్కేలుతో కొలిచి నెలకోసారి పంపేవారు. వార్తల కవరు సాయంత్రం బస్సు డ్రైవరు చేతికిస్తే రాత్రికి విశాఖ చేరేది. తరువాత విశాఖలో నైట్ డెస్కు. అటుపైన ఢిల్లీలో ఒక ఇంగ్లిషు వార్తాసంస్థ. వాళ్లు 2003లో కొలంబో పంపారు, 2012లో కాఠ్మాండూ. 2016లో ఇంటికి వచ్చేశాను. నవలలు నాలుగు. నాలుగోదాన్ని మా ఇంట్లోవాళ్లు కూడా పూర్తిగా చదవలేదు.

విదేశీ వార్త విదేశంలోనే పుడుతుందనుకోవడం మొదటి పొరపాటు. మన జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. సరైన హార్బరు లేక, వల వేస్తే కూలి గిట్టక మన మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరు ఆఖరులో అలా వెళ్లినవాళ్లు సముద్రంలో హద్దు దాటారని పాకిస్తాన్ గస్తీవాళ్లు పట్టుకుని కరాచీ జైల్లో పెట్టారు. 2020 జనవరి 6న ఇరవైమంది ఆంధ్ర మత్స్యకారులు వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. వాళ్లలో ఎక్కువమంది మన జిల్లావాళ్లే. డి. మత్స్యలేశంలో ఒక తాటాకు పందిరి కింద కూర్చుంటే రెండు దేశాల విదేశాంగ శాఖలు, ఒక సముద్ర సరిహద్దు తగవు, ఒక పరదేశపు జైలు మీ ముందుకే వస్తాయి. దానికి వీసా అక్కరలేదు, ఎచ్చెర్ల వైపు బస్సు ఎక్కితే చాలు.

చేయవలసింది చెబుతాను. 2008 మే 21న భారత్, పాకిస్తాన్ మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ రోజు ఢిల్లీలోని విలేకరి సంఖ్య రాసి ఊరుకుంటాడు. ఆ సంఖ్యలో ఏ ఇల్లు ఉందో మీరు రాయగలరు. జాబితా రాకముందే ఆ ఇంటికి వెళ్లి రండి. "మీకు ఎలా అనిపిస్తోంది" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. బోటు యజమాని అడ్వాన్సు ఎంత ఇచ్చాడు, ఎవరి చేతి మీదుగా వచ్చింది, తండేలు, అంటే బోటు నాయకుడు, ఏ ఊరివాడు, చివరి ఫోను ఏ నంబరు నుంచి వచ్చింది, పౌరసత్వం తేల్చడానికి పోలీసులు వచ్చినప్పుడు ఏ కాగితాలు చూపించారు అని అడగండి. ఈ మనిషి మనవాడే అని మన ప్రభుత్వం కాగితం మీద తేల్చి చెప్పేదాకా అక్కడి తలుపు తెరుచుకోదు. రేషను కార్డులో ఒక అక్షరం తప్పు పడితే ఒక మనిషి జైల్లో ఇంకెన్నాళ్లు ఉంటాడు? వార్తకు అది ప్రాణం. థ్రిల్లర్‌కు కూడా అదే ప్రాణం, ఆ అక్షరం కావాలనే ఎవరో తప్పు వేశారనుకుంటే.

ఇక్కడి నుంచి దేశం దాటే దారి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. జీతమిచ్చి విదేశంలో విలేకరిని ఉంచే భారతీయ పత్రికలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వార్తాసంస్థలో చేరి వంతు కోసం వేచి ఉండటం ఒక దారి, నేను వెళ్లింది అదే. మీరే స్ట్రింగరుగా వెళ్లి కథకింతని అమ్ముకోవడం ఇంకొకటి. అమ్మేటప్పుడు ఎడిటరుకు రాసే ఉత్తరం 150 మాటలు దాటకూడదు: కథ ఏమిటి, ఈ వారమే ఎందుకు, మీతో మాట్లాడటానికి ఎవరు ఒప్పుకున్నారు, మీరు తప్ప ఇంకొకరు ఎందుకు రాయలేరు. ఆ నాలుగో జవాబు దొరకకపోతే ఉత్తరం పంపకండి. పర్యాటక వీసా మీద వెళ్లి వార్తలు రాయకండి. మీరు పట్టుబడితే విమానం ఎక్కించి పంపేస్తారు, మీకు దారి చూపిన స్థానికుడు మాత్రం అక్కడే ఉండిపోతాడు. వాణ్ని మా భాషలో ఫిక్సర్ అంటారు. డ్రైవరు, దుబాసీ, ఆపద పసిగట్టే ముక్కు అన్నీ వాడే. బైలైన్, అంటే వార్త మీద పడే పేరు, మాత్రం మీది. ఇది అన్యాయమేనని తెలిసే పదమూడేళ్లు చేశాను.

భాష గురించి ఒక మాట. శ్రీలంకలో నాకు సింహళం రాదు, తమిళం సగం వచ్చు. అనురాధపురం జిల్లాలో ఒకసారి పాములాడించేవాళ్ల గుడిసెల దగ్గర ఆగితే ఒక ముసలామె మనవణ్ని తిడుతోంది. ఆ తిట్లు నాకు అర్థమయ్యాయి. వాళ్లను అక్కడ అహికుంటికలంటారు, ఇళ్లలో మాట్లాడేది తెలుగు. మన తెలుగుకు దూరమైనదే, అయినా తెలుగే. ఆ మధ్యాహ్నం నేను రాసిన కాపీని ఢిల్లీ డెస్కు నాలుగు పేరాలకు కత్తిరించింది. మిగిలినది నా మూడో నవలలో పదకొండో అధ్యాయమైంది. కత్తిరింపుడు ముక్కలు పారేయకండి.

ఆ ముక్కలు దాచడానికి నా పద్ధతి ఇది. నోటుబుక్కులో ఎడమ పేజీ వార్తకు: పేర్లు, అంకెలు, ఎవరు ఎన్ని గంటలకు ఏమన్నారు. కుడి పేజీ వార్తకు పనికిరానిదానికి: చెక్‌పోస్టులో సిపాయి సంచిలో ముందు దేన్ని తడిమాడు, ఏ కాగితానికి ఎన్ని ముద్రలు పడ్డాయి, ఎదురుచూసేవాళ్లు చేతులతో ఏం చేస్తున్నారు. ఎడమ నుంచి కుడికి ఏదైనా పోవచ్చు. కుడి నుంచి ఎడమకు ఒక్క మాట కూడా రాకూడదు. మీకు తోచినది, బాగుంటుందనిపించినది వార్తలోకి ఒక్కసారి జారిందంటే మీరిక విలేకరి కారు. ఈ విషయంలో నాకు జాలి లేదు.

కుడి పేజీ ఎంత పెట్టుబడో ఒక ఉదాహరణ. 1996లో శ్రీలంక తన గడియారాన్ని ముందుకు జరుపుకుంది. ఆ ఏడాది అక్టోబరు నుంచి దాదాపు పదేళ్లపాటు కొలంబో మన దేశం కన్నా అరగంట ముందుండేది. తమిళ పులుల (ఎల్‌టీటీఈ) ఏలుబడిలో ఉన్న ఉత్తరాది వన్ని ప్రాంతం ఆ మార్పును ఒప్పుకోలేదు, పాత సమయమే పాటించింది. కాల్పుల విరమణ రోజుల్లో ఎ9 రోడ్డు మీద ఓమంతై దగ్గర సైన్యం చెక్‌పోస్టు దాటి, ఎవరిదీ కాని నేల మీదుగా వెళ్లి, పులియంకుళం దగ్గర పులుల చెక్‌పోస్టు చేరితే ఒకే దేశంలో మీ వాచీ అరగంట తప్పు. నా డ్రైవరు మాట్లాడకుండా ముల్లు వెనక్కి తిప్పుకునేవాడు, తిరుగు ప్రయాణంలో ముందుకు. 2006 ఏప్రిల్‌లో ప్రభుత్వమే భారత సమయానికి వచ్చేయడంతో ఆ తేడా పోయింది. అప్పట్లో దాని మీద నేను రాసింది రెండు వాక్యాలు. పదేళ్ల తరువాత ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే తట్టింది: రెండు గంటలకు హత్య జరిగిందని ఇద్దరు సాక్షులు చెబుతారు, ఇద్దరూ నిజమే చెబుతారు, మధ్యలో అరగంట ఉంటుంది. నా మొదటి నవల మొత్తం ఆ అరగంట మీదే నిలబడింది.

నేపాల్ మనకన్నా పదిహేను నిమిషాలు ముందు. 2015 ఏప్రిల్ 25న భూకంపం వచ్చింది అక్కడి గడియారంలో 11:56కు, మన గడియారంలో 11:41కి. వణుకుతున్న చేతులతో పంపిన నా మొదటి కాపీలో అక్కడి సమయాన్నే భారత సమయమని రాసేశాను. దిద్దుబాటు పంపవలసి వచ్చింది. ఆ సిగ్గును కూడా కుడి పేజీలో రాసుకున్నాను.

విలేకరులు థ్రిల్లర్లు రాయడం కొత్తేమీ కాదు. జేమ్స్ బాండ్‌ను సృష్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ 1933లో బ్రిటిష్ ఇంజనీర్ల మీద మాస్కోలో జరిగిన విచారణకు రాయిటర్స్ తరఫున వెళ్లాడు. టీవీ విలేకరి జెరాల్డ్ సేమూర్ మొదటి నవల 1975లో వచ్చింది. చదివి పాఠం నేర్చుకోదగినవాడు మాత్రం ఫ్రెడరిక్ ఫోర్సిత్. 1961లో రాయిటర్స్‌లో చేరి పారిస్ వెళ్లాడు. ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్‌ను ఎవరో ఎప్పుడో చంపుతారని విలేకరులంతా ఆయన వెంట తిరిగే రోజులవి. 1962 ఆగస్టు 22న పారిస్ శివార్లలోని పెటి-క్లామార్ దగ్గర డిగాల్ కారు మీద కాల్పులు జరిగాయి, ఆయన బతికిపోయాడు. తరువాత ఫోర్సిత్ బీబీసీకి మారి నైజీరియాలో బయాఫ్రా యుద్ధానికి వెళ్లాడు, ఆ ఉద్యోగం వదిలేశాడు, చేతిలో డబ్బు లేని దశలో 1970 జనవరిలో మొదలుపెట్టి 35 రోజుల్లో 'ది డే ఆఫ్ ది జాకల్' రాశాడు. ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు. డిగాల్ హత్యకు గురికాలేదని లోకమంతటికీ తెలుసు, ఇక ఉత్కంఠ ఎక్కడిది అని వాళ్ల అనుమానం. 1971లో అచ్చయ్యాక పాఠకులు జవాబు చెప్పారు. హంతకుడు ఓడిపోతాడని తెలిసీ పేజీలు తిప్పారు. ఎందుకంటే అతను చనిపోయిన పసివాడి జనన ధ్రువపత్రంతో పాస్‌పోర్టు ఎలా సంపాదించాడు, తుపాకీ ఎలా చేయించాడు అనేది అంచెలంచెలుగా ఉంది. అది విలేకరి కన్ను. ఏ కౌంటరులో ఏ కాగితం అడుగుతారో తెలిసినవాడి కన్ను.

కాబట్టి మీ నవలకు రహస్యాల కోసం పెద్ద అధికారుల చుట్టూ తిరగకండి. వాళ్లు మీకు చెప్పేది మీచేత రాయించాలనుకున్నదే. ఐసు ఫ్యాక్టరీ మేస్త్రీ దగ్గరకు, రిజిస్ట్రారు ఆఫీసు బయట దస్తావేజులు రాసే ఆయన దగ్గరకు, రైల్వే పార్సిలు గుమాస్తా దగ్గరకు వెళ్లండి. "ఇందులో మోసం చేయాలంటే ఎలా చేస్తారండీ" అని అడగండి. నవల కోసమంటే మొహమాటం లేకుండా చెబుతారు. వాళ్లు చెప్పిన మెలికల్లో ఒక మేకు మాత్రం తీసేసి అచ్చువేయండి, చదివి ఎవరూ అలాగే చేయకుండా.

చోటు కూడా అలాగే వెతకాలి. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంది. దసరా తరువాత వచ్చే మంగళవారం, పూజారి సిరిమాను అనే పొడవాటి మాను కొసన కూర్చుని గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. లక్షల మంది తలలు పైకెత్తి అరటిపండ్లు విసురుతుంటారు. మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి ఒకసారి ఆ సమయంలో కిందికి చూడండి. ఒక సంచి చేతులు మారాలంటే అంతకన్నా మంచి క్షణం ఉంటుందా? కొత్తగా రాసేవాళ్లు దీన్ని వదిలేసి కళింగపట్నం బీచిలో హీరో చేతికి థురాయా శాటిలైట్ ఫోను ఇస్తారు. అనుమతి లేకుండా ఆ ఫోను వాడటం మన దేశంలో నేరం. విలన్ కన్నా ముందు హీరోనే స్టేషనుకు తీసుకుపోతారు.

విలేకరికి వదిలించుకోవలసిన జబ్బు ఒకటుంది. వార్తలో ముఖ్యమైనది ముందు చెప్పాలి. నైట్ డెస్కులో ఆరేళ్లు టెలిప్రింటర్ కాగితాలు తెలుగు చేసి చేసి అది నా ఎముకల్లో దిగిపోయింది. నా మొదటి నవల మొదటి వాక్యంలోనే చంపినవాడి పేరు, వయసు, వృత్తి వచ్చేశాయి. ఒక వారపత్రిక ఎడిటరు తిప్పి పంపుతూ కార్డు రాశారు: "శవం, హంతకుడు, కారణం మొదటి పేరాలోనే దొరికాయి. మిగిలిన రెండువందల పేజీలు దేనికోసం?" దీనికి మందు, రాసిన అధ్యాయాన్ని ఆఖరి పేరా నుంచి పైకి చదువుకోవడం. ఏ వాక్యాన్ని ఎంత కిందికి తోయవచ్చో అప్పుడు కనిపిస్తుంది.

ఇక నేను చేసిన తప్పు. దీన్ని చెప్పకుండా మిగిలినది చెప్పే హక్కు నాకు లేదు.

తీరంలో ఒక ఊరు, పేరు చెప్పను. పరదేశపు జైల్లో కొంతకాలం ఉండి వచ్చిన ఒకాయనతో నాలుగు సాయంత్రాలు మాట్లాడాను. అక్కడ పూసలతో గొలుసులు అల్లడం నేర్చుకున్నాడు. ఇంటికి వచ్చాక కూడా మాట్లాడుతున్నంతసేపూ వేళ్ల మధ్య దారం తిప్పుతూనే ఉండేవాడు. వార్తలో ఆయన పేరు రాయలేదు, మాట నిలబెట్టుకున్నాను. నవలలో మాత్రం ఆ వేళ్లను, ఆ దారాన్ని ఒక రెండునాలుకల మనిషికి పెట్టాను. డబ్బు తీసుకుని తోటివాళ్లను పట్టించే పాత్ర అది. పేరు మార్చాను, ఊరు మార్చాను, వయసు పదేళ్లు పెంచాను. చాలనుకున్నాను. నవల ఒక పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆరో వారానికి ఆ ఊళ్లో పిల్లలు ఆయన్ను నా పాత్ర పేరుతో పిలవడం మొదలుపెట్టారు.

నేను వెళ్లేసరికి ఆయన గడప దాటి బయటకు రాలేదు. ఆయన భార్య వచ్చింది. అరవలేదు. "బావూ, పేరు మార్చారు గానీ మనిషిని మార్చలేదు" అంది. మంచినీళ్లు కూడా ఇచ్చింది, అది ఇంకా కష్టంగా ఉంది. ఆ నవల పుస్తకంగా వచ్చినప్పుడు ఆ పాత్రను మొత్తం తిరగరాశాను. చేతుల్లోంచి దారం తీసేశాను. ఊరి పిల్లల నోళ్లలోంచి ఆ పేరు తీయడం నావల్ల కాలేదు.

అప్పటి నుంచి నా నియమం: ఒక మనిషి నుంచి ఒకటే తీసుకోవాలి, మిగిలినదంతా వేరేచోటి నుంచి తేవాలి. ఆయన పని తీసుకుంటే నడక తీసుకోకూడదు. నడక తీసుకుంటే మాట తీసుకోకూడదు. చూసినవెంటనే గుర్తుపట్టే అలవాటును అసలు ముట్టుకోకూడదు, ముఖ్యంగా చెడ్డ పాత్రకు. అచ్చుకు ముందు ఆ ఊరు తెలిసినవారొకరి చేత చదివించి "ఎవరైనా గుర్తొచ్చారా" అని అడగాలి. గుర్తొచ్చారంటే అధ్యాయం మళ్లీ రాయాలి, ఎంత బాగా కుదిరినా సరే. పరువునష్టం దావాలు, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇవన్నీ ఉన్నాయి. 'ఇందులోని పాత్రలు కల్పితం' అని మొదటి పేజీలో వేసినంత మాత్రాన అవి మిమ్మల్ని వదిలిపెట్టవు. వాటికి లాయరున్నాడు. ఆ గడప దగ్గర నిలబడటానికి మాత్రం లాయరు రాడు.

డబ్బు సంగతి అడగకపోతే బాగుండునని కోరుకున్నాను గానీ కుర్రాడు అడిగాడు. తెలుగులో నవల వెయ్యి కాపీలు వేసి, రెండేళ్లలో అమ్ముడైతే పండగ. కాబట్టి ఉద్యోగం మానకండి. ఉదయం అయిదింటికి లేచి, కుళాయి నీళ్లు వచ్చేలోపు నాలుగు వందల మాటలు రాస్తాను. ఫోర్సిత్‌కు 35 రోజులు పట్టింది, నాకు మూడేళ్లు. ఆయనకు కుళాయి నీళ్ల బెడద లేకపోయి ఉంటుంది.

కుర్రాడి పేరు ఇక్కడ రాయను, కారణం మీకు తెలుసు. వాడు మొన్న మళ్లీ వచ్చి 150 మాటల ఉత్తరం చూపించాడు. లెక్కపెడితే 212 ఉన్నాయి. "విషాదకరమైన" అన్న మాట మూడుసార్లు ఉంది, కొట్టేశాను. నాలుగో ప్రశ్నకు జవాబు మాత్రం ఉంది: వాడి మేనమామ వెరావల్‌లో తండేలట. జులై 1న జాబితా వస్తుంది, అంతకు ముందు ఆదివారం ఇద్దరం మత్స్యలేశం వెళ్తున్నాం. నోటుబుక్కు తెచ్చుకోమన్నాను. పెన్నులు రెండు. సముద్రపు గాలికి ఒకటి ఎప్పుడూ మొరాయిస్తుంది.